ఇంటికి వచ్చిన తాబేలు

ఇంటికి కుక్కపిల్లను తెస్తే ఆ సంగతి వీధి వీధంతటికీ ఒక్క రాత్రిలో తెలిసిపోతుంది. తెల్లవార్లూ అది ఏడుస్తుంది. అందరి చేతా తిట్లు తినిపిస్తుంది. పిల్లి అయితే వచ్చిన పూటే వంటింటి తలుపు ఎటు తెరుచుకుంటుందో కనిపెట్టేస్తుంది. తాబేలు అలా కాదు. అది వచ్చి నెల్లాళ్లయినా పక్కింటివారికి తెలియదు. అరవదు, అలగదు, కాళ్లకు అడ్డం పడదు. ఆకలిగా ఉన్నదని గాని, ఒళ్లు బాగా లేదని గాని చెప్పదు. చాలామందికి తాబేలు మీద మోజు కలగడానికి కారణం ఈ నెమ్మదే. దాన్ని పెంచడంలో ఉన్న చిక్కు కూడా ఈ నెమ్మదే. నోరు లేని ప్రాణులు చాలా ఉన్నాయి గాని ముఖం కూడా లోపలికి లాక్కునే ప్రాణి ఇదొక్కటే. దానికి జబ్బు చేసిందని మనకు తెలిసేసరికి తరచు చేయి దాటిపోయి ఉంటుంది.

గుంటూరులోనూ, ఒంగోలులోనూ రంగు చేపలు అమ్మే దుకాణాలలో ఇప్పుడు రూపాయి బిళ్ల కంటె కాస్త పెద్దవిగా ఉండే పచ్చని తాబేటి పిల్లలు గాజు తొట్టెలలో ఈదుతూ కనిపిస్తున్నాయి. పిల్లలు మారాం చేస్తారు, తండ్రి కొంటాడు, తల్లి దానికొక ప్లాస్టిక్ డబ్బా వెతుకుతుంది. మరి కొన్ని ఇళ్లలోకి తాబేలు దుకాణం నుంచి కాక పొలం గట్టు మీద నుంచి వస్తుంది. వానాకాలంలో సాగరు కాలువల దగ్గర, చెరువు కట్టల మీద పాకుతూ కనిపించిన దాన్ని ఎవరో ఒకరు సంచిలో వేసుకొని వస్తారు. ఈ రెండు రకాల ఇళ్లవారినీ ఉద్దేశించే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మొట్టమొదట తెలుసుకోవలసింది, వచ్చిన తాబేలు ఏ తాబేలు అన్నది. మన భాషలో ఇక్కడొక ఇబ్బంది ఉన్నది. నేలమీద తిరిగే దాన్నీ, చెరువులో ఉండే దాన్నీ, సముద్రంలో ఈదే దాన్నీ అన్నిటినీ తాబేలు అనే అంటాము. సంస్కృతంలో కూర్మం, కమఠం, కచ్ఛపం అని పేర్లు ఉన్నాయి గాని అవి కూడా ఈ భేదం చెప్పేవి కావు. అమరసింహుడు తన కోశంలో వీటిని నీటికి సంబంధించిన వర్గంలో చేర్చాడు. ఆ కోశం చదివినా చదవకపోయినా మనవాళ్లందరి మనస్సులోనూ ఉన్నది అదే: తాబేలంటే నీటిలో ఉండవలసినది. ఈ నమ్మకం వల్ల చచ్చిపోయిన మెట్ట తాబేళ్లకు లెక్క లేదు.

నిరుడు శ్రావణ మాసంలో మా వీధిలోని ఒక కుటుంబం శ్రీశైలం వెళ్లి కారులో తిరిగి వస్తున్నారు. దోర్నాల దాటిన తరువాత ఎక్కడో రోడ్డుకు అడ్డంగా ఒక తాబేలు పోతున్నదట. నల్లని డిప్ప మీద పసుపుపచ్చని నక్షత్రాలు. స్వామివారే పంపించారని గృహిణి అన్నది. పదకొండేళ్ల అమ్మాయి దాన్ని ఒడిలో పెట్టుకొని గుంటూరు దాకా తెచ్చింది. రాగానే వాకిట్లోని సిమెంటు తొట్టె నిండా నీళ్లు పట్టి అందులో వదిలారు. ఆ సాయంత్రం నేను అటుగా పోతుంటే అమ్మాయి పిలిచింది.

"మాస్టారూ, మా తాబేలు ఎంత బాగా ఈదుతున్నదో చూడండి!"

చూశాను. అది ఈదడం లేదు. తొట్టె గోడకు ముందు కాళ్లు ఆనించి, ముక్కు మాత్రం పైకి పెట్టి గింజుకుంటున్నది. కాళ్లు చూడమన్నాను. నీటి తాబేలుకు వేళ్ల మధ్య పొర ఉంటుంది. దీని కాళ్లు చిన్న ఏనుగు కాళ్లలాగా మొద్దుగా, గుండ్రంగా, పొలుసులతో ఉన్నాయి. ఇవి నడవడానికి దేవుడిచ్చిన కాళ్లు. ఇంకొక గంట ఆగితే అలిసిపోయి మునిగిపోయేది. అమ్మాయి రెండు చేతులతో పైకి తీసి తువాలు మీద పెట్టింది. అది నక్షత్ర తాబేలు.

నక్షత్ర తాబేలు మన దేశపు ప్రాణి. ఆంధ్ర, తమిళ, కన్నడ దేశాలలోని పొడి నేలలలో, గుజరాతు రాజస్థానాలలో, సింహళంలో అది సహజంగా ఉంటుంది. ఆ డిప్ప మీది చుక్కలు మన కంటికి అలంకారమే గాని, ఎండుగడ్డి మధ్య ఆ పసుపు చారలు నీడా వెలుతురూ కలిసినట్టుగా కనిపించి దాన్ని శత్రువు కంటికి కనపడకుండా చేస్తాయి. ఆ అందమే దానికి ముప్పు తెచ్చింది. ఒక్క ఏడాదిలో మన దేశంలోని ఒక్క వర్తక కేంద్రం చుట్టుపక్కల నుంచే 55,000 నక్షత్ర తాబేళ్లను అడవి నుంచి ఏరుకుపోయారని 2015లో వెలువడిన ఒక పరిశోధన లెక్క కట్టింది. అట్లా పట్టుకుపోయినవాటిని గుడ్డలలో చుట్టి, పెట్టెలలో కుక్కి విమానాలలో తూర్పు దేశాలకు పంపుతారు. దారిలో ఎన్ని చచ్చేదీ పంపినవాడికి పట్టదు. 2019లో ప్రపంచ దేశాల ఒడంబడిక ప్రకారం ఈ తాబేలు వర్తకాన్ని పూర్తిగా నిషేధించారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండనే ఉన్నది. 2022లో ఆ చట్టాన్ని సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలుచేసినప్పుడు నక్షత్ర తాబేలును మొదటి షెడ్యూలులోకి, అంటే పులీ ఏనుగూ ఉన్న జాబితాలోకి ఎక్కించారు. దీన్ని పట్టుకోవడం గాని, కొనడం గాని, ఇంట్లో ఉంచుకోవడం గాని నేరం. శిక్ష మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయలకు తక్కువ కాకుండా జరిమానా. చెరువు తాబేలు, అంటే వెనక కాళ్లు లోపలికి ముడుచుకున్నప్పుడు కింద రెండు మూతలు తలుపుల్లాగా మూసుకునే మెత్తని డిప్ప తాబేలు, అది కూడా మొదటి షెడ్యూలులోదే.

ఇది వినగానే మా వీధి ఇంటాయన ముఖం పాలిపోయింది. "మరి ఇప్పుడేం చెయ్యమంటారు మాస్టారూ? మళ్లీ దోర్నాల పోయి వదిలేసి రమ్మంటారా?" అన్నాడు. అడవి శాఖ వారికి కబురు చేయండి అన్నాను. మనంతట మనం ఎక్కడో వదిలిరావడం మంచిది కాదు. తెచ్చిన చోటు సరిగ్గా గుర్తుండదు. ఇంట్లో ఉన్న నాలుగు రోజులలో అంటుకున్న జబ్బు ఏదైనా అక్కడి తాబేళ్లకు సోకవచ్చు. ఆయన అట్లాగే చేశాడు. అమ్మాయి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ సంగతి కూడా చెప్పాలి. ఇటువంటివి ఊరికే జరిగిపోవు.

అడవి శాఖ వారు వచ్చేదాకా దాన్ని ఎలా ఉంచాలన్నది తెలిసి ఉండడం మంచిది. ఒక వెడల్పాటి అట్టపెట్టె, అడుగున పాత వార్తాపత్రికలు, ఒక మూల దాక్కోవడానికి బోర్లించిన కుండ పెంకు, పక్కన అర అంగుళం లోతు నీళ్లున్న మట్టి మూకుడు. ఇంతే. తినడానికి గరిక, మందార ఆకులు, మందార పూలు, గుప్పెడు మునగాకు. అన్నం వద్దు, పాలు వద్దు, రొట్టె వద్దు. పాలు పోయడమన్నది మనవాళ్లకొక భక్తి. పాముకు పాలు పోసినట్టే తాబేలుకూ పోస్తారు. పాలు అరిగించుకొనే శక్తి దానికి లేదు.

గరిక అన్నాను గనుక మన ప్రాంతపువారికి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. పత్తి చేల గట్ల మీది గరిక, మిరప తోటల పక్కన పెరిగిన ఆకూ అలమూ తెచ్చి పెట్టకండి. మన పత్తికీ మిరపకూ ఎన్ని సార్లు మందు కొడతారో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. పంట మీద పడిన మందు గట్టు మీదా పడుతుంది. ఆవు తింటే అంత పెద్ద శరీరంలో అది కొంత కరిగిపోవచ్చు. పావు కిలో బరువున్న తాబేలుకు అట్టే తేడా కూడా పట్టదు, పనయిపోతుంది. ఇంటి పెరటిలో ఒక కుండీలో గరిక నాటుకుంటే పది రోజులలో చిగురిస్తుంది. బజారులో కొన్న ఆకుకూర అయితే రెండు మూడు నీళ్లలో కడగండి. పాలకూర రోజూ పెట్టకూడదు. అందులోని ఆమ్లం సున్నాన్ని ఒంటికి పట్టనివ్వదు.

నేలమీది తాబేలు సంగతి అంతటితో ఆపుతాను. ఇక దుకాణంలో కొన్న పచ్చ పిల్ల.

దీని పుట్టిల్లు అమెరికా. కంటి వెనక ఎర్రని చార ఉంటుంది గనుక ఎర్రచెవుల తాబేలు అంటారు. మన దేశపు ప్రాణి కాదు గనుక మొదటి షెడ్యూలులో ఇది లేదు. ఇది కాక, ఆఫ్రికా మెట్ట తాబేళ్ల వంటి ఇతర విదేశీ రకాలను కొందరు ఖరీదు పెట్టి కొంటున్నారు. అంతర్జాతీయ ఒడంబడిక జాబితాలో ఉన్న విదేశీ ప్రాణి ఏదైనా ఇంట్లో ఉంటే 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వం వారి పరివేష్ పోర్టలులో నమోదు చేయించాలి. దుకాణదారును రసీదు అడగండి. రసీదు ఇవ్వనని నసిగితే తాబేలును తొట్టెలోనే ఉండనిచ్చి ఇంటికి రండి.

పిల్ల రూపాయి బిళ్లంత ఉన్నది గదా అని దానికి సబ్బు పెట్టెంత డబ్బా చాలుననుకోవడం మొదటి పొరపాటు. ఆడది అయితే పళ్లెమంత అవుతుంది. డిప్ప అడుగు దాకా పెరుగుతుంది. చక్కగా చూస్తే ముప్పై ఏళ్లు బతుకుతుంది. ఈ ఏడు మూడో తరగతి చదివే మీ అబ్బాయికి పెళ్లయి, పిల్లలు పుట్టి, వాళ్లు మూడో తరగతికి వచ్చినా అది ఉంటుంది. కొనేముందు దంపతులిద్దరూ ఈ విషయం ఒకసారి మాట్లాడుకోవడం మంచిది. తాబేళ్ల ఆయుర్దాయం సామాన్యమైనది కాదు. హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో ఒక గాలపాగోస్ తాబేలు ఉండేది. 1963లో పబ్లిక్ గార్డెన్సు నుంచి దాన్ని అక్కడికి తెచ్చారు. 2024 మార్చిలో చనిపోయేనాటికి దాని వయస్సు 125 ఏళ్లని చెప్పారు.

తొట్టెకు ఒక మోటు లెక్క ఉన్నది: డిప్ప పొడుగు అంగుళానికి నలభై లీటర్ల చొప్పున నీరు పట్టాలి. నాలుగంగుళాల తాబేలుకు నూట అరవై లీటర్లు. గాజు తొట్టెకు అంత పెట్టలేనివారు పెరటిలో సిమెంటు కుడితి తొట్టె కట్టించుకోవచ్చు. మన పల్లెటూళ్లలో పశువులకు కట్టించే లాంటిదే. నీరు దాని డిప్ప మునిగి ఇంకా కాస్త పైకి ఉండాలి. ఒక మూల నీటిపైకి వచ్చిన రాయి గాని, ఇటుకల మెట్టు గాని పెట్టాలి. దాని మీదికి ఎక్కి ఒళ్లు పూర్తిగా ఆరబెట్టుకోవడం దానికి భోజనమంత అవసరం. ఎక్కడానికి జారుడు లేకుండా వాలుగా ఉండేటట్టు చూడండి. నేను చూసిన ఒక ఇంట్లో నున్నటి గ్రానైటు ముక్క పెట్టారు. బిడ్డ పాపం రోజంతా జారుతూనే ఉన్నది.

ఇక ఎండ. ఇందులోనే సగం ప్రాణం ఉన్నది. తాబేలు తన వేడిని తానే పుట్టించుకోలేదు. ఎండలోకి పోయి వెచ్చబడుతుంది, నీడలోకి పోయి చల్లబడుతుంది. ఒంట్లో వేడి లేకపోతే తిన్నది అరగదు. అంతే కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు సోకితేనే దాని ఒంట్లో డి విటమిను తయారవుతుంది. ఆ విటమిను ఉంటేనే తిన్న సున్నం ఎముకకు పడుతుంది. తాబేలుకు డిప్ప అంటే పైన వేసుకున్న చొక్కా కాదు, అది వెన్నెముకా పక్కటెముకలూ కలిసిపోయి అయిన ఎముకే. సున్నం చాలకపోతే ఆ డిప్ప మెత్తబడుతుంది, వంకరపోతుంది. కిటికీ దగ్గర పెట్టాము, ఎండ పడుతున్నదిగా అని చాలామంది అంటారు. గాజులోంచి వెలుతురు వస్తుంది, వేడి వస్తుంది. ఆ కిరణాలు మాత్రం రావు. సూటిగా ఎండ తగలాలి. మేడ మీది ఫ్లాట్లలో ఉండి ఎండ దొరకనివారు ఇందుకోసం ప్రత్యేకంగా అమ్మే దీపం పెట్టుకోవాలి.

అయితే గుంటూరు ఎండ ఎండ కాదు, నిప్పు. రెంటచింతల ఉష్ణోగ్రత రేడియోలో విని దేశమంతా విస్తుపోయే ప్రాంతం మనది. ఏప్రిల్, మే నెలల్లో గాజు తొట్టెను డాబా మీద ఎండలో పెట్టి లోపలికి వెళ్లి కాఫీ తాగి వచ్చేసరికి లోపలి నీళ్లు ఉడుకుతాయి. అందులోని తాబేలుకు పారిపోయే దారి లేదు. ఎండలో పెట్టినప్పుడు సగం తొట్టె మీద నీడ తప్పకుండా ఉండాలి. ఎండాకాలంలో ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో అరగంట చాలు. చలికాలంలో పొద్దెక్కాక ఇంకొంచెం సేపు ఉంచవచ్చు. కాకులనూ పిల్లినీ కనిపెట్టి ఎవరైనా దగ్గర కూర్చోవాలి. పేపరు చదువుకొనే తాతగారికి ఈ ఉద్యోగం అప్పగిస్తే సరిపోతుంది. నీళ్ల చల్లదనం గురించి మన ప్రాంతంలో దిగులు పడే పని పెద్దగా లేదు. ఇరవై నాలుగు నుంచి ఇరవై ఎనిమిది డిగ్రీల దాకా ఉంటే చాలు. పుష్య మాసపు రాత్రుల్లో మాత్రం తొట్టెను గదిలోకి మార్చండి. కూలరు గాలికి ఎదురుగా ఎప్పుడూ పెట్టకండి.

ఇంటికి తెచ్చిన మొదటి వారం దాన్ని దాని మానాన వదిలేయడమే గొప్ప సేవ. మనకిది మహా కష్టం. కొత్త కోడలు వచ్చిన ఇంటికి చూసిపోయే వాళ్లు వచ్చినట్టే తాబేలు వచ్చిన ఇంటికీ వస్తారు. ప్రతివాడూ చేత్తో ఎత్తి, తిప్పి, పొట్ట చూసి, వేలితో ముక్కు పొడిచి పోతాడు. తాబేలు లెక్కలో చేత్తో పైకి ఎత్తడమంటే గద్ద ఎత్తుకుపోవడమే. అది భయపడి తిండి మానేస్తుంది. మూడు నాలుగు రోజులు ఏమీ ముట్టకపోయినా కంగారు పడకండి. వారం దాటినా తినకపోతే మాత్రం ఏదో ఉన్నదన్న మాట. తొట్టెను టీవీకీ గడప తొక్కిడికీ దూరంగా పెట్టి, రోజూ ఒకే వేళకు తిండి వేసి, పక్కకు వచ్చేయండి. పదిహేను రోజులు గడిస్తే మీ అడుగుల చప్పుడుకే మెడ చాచి చూస్తుంది. ఇంట్లో ఇదివరకే ఒక తాబేలు ఉంటే కొత్తదాన్ని నెల రోజుల పాటు వేరే తొట్టెలో ఉంచాలి. ఆరోగ్యంగా కనిపించే తాబేలు కూడా జబ్బు మోసుకొని తిరగవచ్చు.

తిండి విషయం. దుకాణం వాడు ఎండు రొయ్యల సీసా ఒకటి చేతిలో పెట్టి ఇది చాలండీ అంటాడు. చాలదు. ఎండు రొయ్యల మీదనే పెంచడమంటే పిల్లవాణ్ణి జంతికల మీద పెంచడమే. తాబేళ్ల కోసం తయారైన బిళ్లలు దొరుకుతాయి. పసితనంలో అవి ముఖ్యంగా, వాటితో పాటు వానపాము గాని, చిన్న చేప గాని. పెరిగేకొద్దీ ఆకు ఎక్కువ చేయాలి. పెద్దదానికి సగానికి పైగా ఆకే ఉండాలి. నీటిలో తేలే పిస్టియా మొక్క, మునగాకు, తురిమిన క్యారెట్టు, గుమ్మడి ముక్క. శాకాహారుల ఇళ్లలో వానపాములు తేవడం కుదరదు గనుక బిళ్లలతో సరిపెట్టుకోవచ్చు. తినగలిగినంత పెట్టడం కాదు, దాని తలకాయంత పరిమాణం ఒక పూటకు లెక్క. అడుక్కుంటుంది, బాగా అడుక్కుంటుంది. ఆ మోసానికి లొంగినవారి తాబేళ్లు డిప్పలో కాళ్లు పట్టనంతగా ఒళ్లు చేస్తాయి.

సున్నం కోసం ఒక చవకైన ఉపాయం ఉన్నది. ఆయుర్వేద మూలికల కొట్లలో సముద్రపు నురుగు అని తెల్లగా, తేలికగా ఉండే బిళ్లలు అమ్ముతారు. పేరు నురుగు గాని అది సముద్రంలో ఉండే ఒక మెత్తని జీవి వెన్నులోని పెంకు. సున్నమే. ఒక ముక్క తొట్టెలో వేస్తే కావలసినప్పుడు కొరుక్కుంటుంది.

నీళ్లు పాడు చేయడంలో తాబేలు చేప కంటె పదిరెట్లు ఘనమైనది. తిన్న తొట్టెలోనే కడుపు ఖాళీ చేసుకుంటుంది. శుభ్రం చేసే యంత్రం పెట్టినా వారానికొకసారి సగం నీళ్లు మార్చక తప్పదు. యంత్రం లేకపోతే రెండు రోజులకొకసారి మొత్తం మార్చాలి. తిండి వేరే బేసినులో పెట్టి, తిన్న అరగంట తరువాత తొట్టెలోకి మారిస్తే ఈ బాధ సగం తగ్గుతుంది. మునిసిపాలిటీ కుళాయి నీళ్లు పట్టి ఒక రాత్రంతా నిలవ ఉంచి వాడండి. పాత నీళ్లు కుండీలకు పోయండి. మందారానికి అమోఘంగా పనిచేస్తాయి.

మా చిన్నతనంలో బావిలో తాబేలును వేయడం రివాజు. పురుగూ పుట్రా తిని నీటిని తేటగా ఉంచుతుందనేవారు. అది తినే మాట నిజమే గాని దాని విసర్జన కూడా ఆ నీళ్లలోనే కలిసేది గదా అన్న ప్రశ్న అప్పుడు ఎవరూ వేయలేదు. ఇప్పుడు వేయవలసి ఉన్నది. తాబేళ్ల పేగులలో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. తాబేలుకు దానివల్ల ఏమీ కాదు; మనిషికి జ్వరం, విరేచనాలు పట్టుకుంటాయి. అయిదేళ్ల లోపు పిల్లలకూ, వృద్ధులకూ, గర్భిణులకూ ప్రమాదం కూడా. అమెరికాలో పిల్లలు బుల్లి తాబేళ్లను నోట్లో పెట్టుకొని జబ్బు పడుతున్నారని 1975లో నాలుగంగుళాల లోపు డిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్నే నిషేధించారు. మనకు ఆ నిషేధం లేదు, సబ్బు ఉన్నది. తాబేలును ముట్టుకున్నా, తొట్టె నీళ్లలో చెయ్యి పెట్టినా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తొట్టెను వంటింటి సింకులో కడగకూడదు. పసిపిల్లలున్న ఇంట్లో, వాళ్లు ఎదిగిందాకా ఈ ముచ్చట వాయిదా వేసుకోవడమే మేలు.

జబ్బు చేసిందని గుర్తుపట్టడానికి గృహిణులకు ఒక సులువైన సాధనం వంటింట్లోనే ఉన్నది: త్రాసు. ఆదివారం ఆదివారం తూచి ఒక నోటుపుస్తకంలో రాయండి. పిల్ల అయితే బరువు మెల్లగా పెరుగుతూ ఉండాలి. రెండు వారాలు వరసగా తగ్గితే అదే మొదటి హెచ్చరిక. ఆ తరువాత కళ్లు చూడండి. రెప్పలు ఉబ్బి మూసుకుపోతే చాలావరకు అది ఎ విటమిను లోపం. ఎండు రొయ్యల పుణ్యం. ముక్కులోంచి బుడగలు వచ్చినా, నోరు తెరిచి ఊపిరి పీల్చినా, ఈదేటప్పుడు ఒక పక్కకు ఒరిగిపోతున్నా ఊపిరితిత్తులకు నెమ్ము చేసిందని అనుమానించాలి. డిప్ప మీద మెత్తని మచ్చలు, దుర్వాసన ఉంటే కుళ్లు పట్టుకుంటున్నది. పలచని పొలుసులు ఒకటొకటిగా ఊడితే మాత్రం భయం లేదు. అది పెరుగుదలలో భాగమే, గోటితో పీకకండి. డిప్ప మీద కొబ్బరినూనె రాయడం, రంగులు వేయడం, పండగకు బొట్లు పెట్టడం ఇవేమీ వద్దు. డిప్పకు స్పర్శ ఉన్నది. నొక్కితే తెలుస్తుంది, గీస్తే నొప్పి పుడుతుంది.

వైద్యానికి మన పశువైద్యశాలలకు వెళ్లవచ్చు. అక్కడి వైద్యులకు గేదెల మీద ఉన్న అనుభవం తాబేళ్ల మీద లేకపోతే గన్నవరంలో ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉన్నది. వెళ్లేటప్పుడు నీళ్ల డబ్బాలో తీసుకుపోవద్దు. తడి గుడ్డ పరిచిన పెట్టెలో ఉంచండి. ఆ బరువుల నోటుపుస్తకం కూడా పట్టుకెళ్లండి. ఇంట్లో మిగిలిన మనుషుల మందులు మాత్రం వేయకండి. జలుబు బిళ్ల నాలుగో వంతు వేశామండీ అన్నవారిని చూశాను.

అదృష్టం కోసం తాబేలు కొనేవారి సంగతి వేరు. హాలులో నీటి పళ్లెంలో తాబేలు ఉంటే లక్ష్మి నిలుస్తుందని వాస్తువారు చెబుతారు. చెప్పనివ్వండి. ఇత్తడి తాబేలు బజారులో దొరుకుతుంది. దానికి ఎండ అక్కరలేదు, మునగాకు అక్కరలేదు. ఇరవై గోళ్ల తాబేలు ఉంటే కోట్లు కురుస్తాయని చెప్పి మన జిల్లాలలో అమాయకులను ముంచేవారు కూడా ఉన్నారు. నక్షత్ర తాబేలుకు ముందు కాళ్లకు ఐదేసి, వెనక కాళ్లకు నాలుగేసి, మొత్తం 18 గోళ్లు. భక్తి ఉన్నవారు శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం వెళ్లి రావచ్చు. కూర్మావతారానికి అంత ప్రసిద్ధమైన ఆలయం మరొకటి లేదు. ఆ ఆలయం ఆవరణలో నక్షత్ర తాబేళ్లను కూడా చూడవచ్చు.

ఎర్రచెవుల తాబేలును పెంచలేక విసిగినవారు చేసే పని ఒకటున్నది: సంచిలో పెట్టుకుపోయి చెరువులోనో కృష్ణ కాలువలోనో వదిలి దండం పెట్టి రావడం. పుణ్యమని అనుకుంటారు. ప్రపంచంలో అతి హానికరమైన వంద వలస జీవుల జాబితాలో దీని పేరు ఉన్నది. ఇది మన చెరువు తాబేలు కంటె దుడుకైనది. ఎండ కాచుకునే చోటునూ, తిండినీ లాక్కుంటుంది. కొత్త జబ్బులు తెస్తుంది. 2018లో కేరళలో త్రిస్సూరు దగ్గర ఒక వాగులో ఇది కనిపించినప్పుడు అక్కడి అటవీ పరిశోధన సంస్థవారు ఎక్కడెక్కడ వ్యాపించిందో వెతకవలసి వచ్చింది. పెంచలేకపోతే పెంచగలిగినవారికి ఇవ్వండి. జంతు ప్రదర్శనశాల వారిని అడిగి చూడండి. చిత్రంగా, చట్టం మనకు పెంచుకోనివ్వని మన తాబేలు అడవిలో ఉండాలి. పెంచుకోనిచ్చే పరాయి తాబేలు మాత్రం ఇల్లు దాటి పోకూడదు.

చిన్నయసూరి నీతిచంద్రికలో మంథరుడనే తాబేలున్నాడు. మిత్రుల మీద ప్రేమకొద్దీ మడుగు వదిలి మెట్టకు వచ్చి వేటగాడి చేతికి చిక్కుతాడు. లేడీ, కాకీ, ఎలుకా కలిసి ఉపాయం పన్ని విడిపిస్తే, మళ్లీ నీళ్లలోకి జారిపోతాడు. క్లాసులో ఈ కథ చెప్పినప్పుడు పిల్లలందరూ లేడి తెలివిని మెచ్చుకుంటారు గాని, మంథరుడు ఆ మడుగు చేరిన తరువాత ఏం చేశాడని ఎవరూ అడగరు. మా వీధి అమ్మాయి అడిగింది. బహుశా చాలా రోజులు పైకి వచ్చి ఉండడు అన్నాను.

ఆ ఇంట్లో ఇప్పుడు ఎర్రచెవుల తాబేలు ఒకటి ఉన్నది. తోటి విద్యార్థిని వాళ్ల కుటుంబం బదిలీ మీద పోతూ ఇచ్చి వెళ్లింది. సిమెంటు తొట్టెలోకి ఇటుకల మెట్టు వచ్చింది, సగం తొట్టె మీద తాటాకు పందిరి వచ్చింది. సంక్రాంతికి అందరూ అమ్మమ్మగారి ఊరు చీరాల వెళ్లవలసి వచ్చినప్పుడు తాళంచెవితో పాటు తిండి బిళ్లల డబ్బా మా ఇంట్లో ఇచ్చారు. డబ్బా మూత మీద అమ్మాయి దస్తూరీతో ఒక కాగితం అంటించి ఉన్నది: రోజుకు ఆరు బిళ్లలు, అడుక్కున్నా ఏడోది వేయవద్దు, చేతులు కడుక్కోవాలి.